ఎముక అతుక్కుంది, స్కాన్ నార్మల్, నొప్పి మాత్రం పోలేదు: ప్రమాదం తాలూకు భయానికీ ఒంటి నొప్పులకీ సంబంధం ఉందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ అక్కగారికి 38 ఏళ్ళు. రెండేళ్ళ కింద నైట్ బస్సు బోల్తా పడి కాలర్ బోన్ విరిగింది, మూడు నెలల్లో అతుక్కుంది. ఎక్స్‌రే, ఎమ్మారై, రక్త పరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. అయినా మొదట భుజం, తర్వాత మెడ, ఇప్పుడు ఒళ్ళంతా నొప్పులు. రాత్రిళ్ళు నిద్ర లేదు, బస్సు ఎక్కరు. ఈమధ్య చూసిన డాక్టరు గారు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమంటే "అంటే నేను నాటకాలాడుతున్నాననా?" అని ఇంటికొచ్చి ఏడ్చారు. మనసుకి తగిలిన దెబ్బకీ ఒంటి నొప్పికీ నిజంగా సంబంధం ఉంటుందా, ఉంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. సంబంధం ఉంది. అలాగే ఆవిడ నొప్పి అచ్చంగా నొప్పే. మన ఇళ్ళల్లోనూ, చాలా ఆసుపత్రుల్లోనూ ఈ రెండిట్లో ఒకటి ఒప్పుకుంటే రెండోది అబద్ధమైపోతుందన్నట్టు మాట్లాడతారు. "స్కాన్‌లో ఏమీ లేదమ్మా" అని డాక్టరు అంటే రోగికి వినపడేది "నీకేమీ లేదు" అని. మీ అక్కగారు ఏడ్చింది అందుకే, ఆ ఏడుపులో తప్పేమీ లేదు.

నేను ఫిజియోథెరపిస్టుని, గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మందులు రాసేది నేను కాదు కాబట్టి మందుల సంగతిలో మీ డాక్టరు మాటే చివరి మాట. కాకపోతే రోజుకి పది పన్నెండు మంది మెడలూ భుజాలూ నడుములూ చేత్తో పట్టుకుని చూసేదాన్ని, చేతికి తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను. మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

మా క్లినిక్ మెయిన్ రోడ్డు పక్కనే. కొన్నేళ్ళ కింద ఒకబ్బాయి మెడ నొప్పితో వచ్చేవాడు. వెనక నుంచి లారీ గుద్దింది, బండి వెనక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు, ఇతనికి పైపై దెబ్బలు. ఏడాదిన్నర దాటినా మెడ తిప్పలేడు. ఒకరోజు బోర్లా పడుకోబెట్టి మెడకీ భుజానికీ మధ్య కండని బొటనవేలితో పట్టి ఉంచాను. పది నిమిషాలకి అది మెల్లగా మెత్తబడింది. అంతలో బయట లారీ ఎయిర్ హారన్ కొట్టాడు. నా వేలి కింద ఆ కండ ఒక్కసారిగా రాయి అయిపోయింది. అతను కదల్లేదు, ఉలిక్కిపడలేదు, మాటైనా అనలేదు. "ఏమైంది బాబూ" అంటే "ఏం లేదు మేడం" అన్నాడు. నిజంగానే అతనికి తెలీదు! హారన్ మోగింది రెండు సెకన్లు. ఆ కండ మళ్ళీ వదలడానికి పావుగంట చాల్లేదు, ఆ రోజు సెషన్ అయిపోయినా బిగుసుకునే ఉంది. మా రోడ్డు మీద రోజుకి ఎన్ని హారన్లు మోగుతాయో మీకు తెలుసు. ప్రతి హారన్‌కీ ఒక మనిషి మెడ అలా బిగుసుకుంటుంటే సాయంత్రానికి ఎంత నొప్పి ఉంటుందో ఊహించుకోండి. అది ఎమ్మారైలో ఎక్కడ కనపడుతుంది?

తాడుని చూసి పామనుకోవడం మనందరికీ తెలిసిందే. కాకపోతే దీపం తెచ్చి చూసుకున్నాక మనకి ఆ భయం పోతుంది. పెద్ద ప్రమాదం దాటొచ్చిన ఒంటికి ఆ దీపం దొరకదు. ఆలోచన కంటే ముందే, మనకి తెలియకుండానే, లోపలి కాపలా "వచ్చింది, మళ్ళీ వచ్చింది" అని కేకేస్తుంది. గుండె దడ, కండరాల బిగింపు, పళ్ళు నూరడం, చిన్న చప్పుడికి ఉలికిపాటు, నిద్ర పట్టకపోవడం, అన్నీ ఆ కాపలా పనే. నొప్పి కూడా కాపలా పనే, ఇది మనం మామూలుగా మర్చిపోతాం. ఒంట్లో ఎక్కడో దెబ్బ తగిలిందనో తగలబోతోందనో మెదడు లెక్కగట్టి మోగించే గంట నొప్పి. అందుకే దెబ్బ పెద్దదైతే నొప్పి పెద్దది, దెబ్బ మానితే నొప్పి పోవాలి అనే లెక్క అన్నిసార్లూ కుదరదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పనిచేసిన బీచర్ అనే అమెరికన్ డాక్టరు 1946లో రాశాడు, ఘోరంగా గాయపడిన సైనికుల్లో ముప్పావు వంతు మంది నొప్పి మందు అక్కర్లేదన్నారని. వాళ్ళకి ఆ గాయం అంటే యుద్ధం నుంచి బతికి బయటపడ్డాం అని అర్థం. అదే మీ అక్కగారి భుజం లాగితే? బస్సు పల్టీ కొడుతోందని అర్థం.

ఇంకో సంగతి. దెబ్బ తగిలాక నొప్పి సంకేతాలు గట్టిగా వెళ్తే వెన్నుపాములోని నరాలే సున్నితంగా మారిపోతాయని క్లిఫర్డ్ వుల్ఫ్ అనే పరిశోధకుడు 1983లో ఎలుకల మీద చూపించాడు. అప్పుడు మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది, దెబ్బ తగలని చోటుకి కూడా పాకుతుంది. మన పెద్దవాళ్ళు "ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది" అంటారే, సరిగ్గా అదే. భుజంతో మొదలై ఒళ్ళంతా ఎందుకొచ్చిందని మీరు అనుమానపడ్డారు చూడండి, దానికి ఇది చాలావరకు సమాధానం. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని తిరగరాసినప్పుడు కూడా అది శరీరానికీ భావోద్వేగానికీ కలిపి సంబంధించిన అనుభవమనే చెప్పింది, మనిషి తనకి నొప్పిగా ఉందని చెబితే ఆ మాటని గౌరవించాలని దాని కిందే రాసింది. మూడు నెలలు దాటిన నొప్పి దానంతటదే ఒక జబ్బు కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో కూడా చేరింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. ఆ సంగతులు మీ అక్కగారికి చెప్పండి. పుస్తకాల్లో ఉన్న జబ్బే అని తెలిస్తేనే కొంతమందికి బిగిసిన భుజాలు వదులవుతాయి, నేను చూశాను.

ఇప్పుడు అసలు చిక్కు. నొప్పి భయాన్ని మేపుతుంది, భయం నొప్పిని మేపుతుంది. షార్ప్, హార్వీ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో దీన్ని వివరంగా రాశారు. పై అరలో డబ్బా అందుకోబోతే భుజం లాగుతుంది, ఆ లాగడమే బస్సుని గుర్తుచేస్తుంది. బస్సు గుర్తొస్తే ఒళ్ళు బిగుస్తుంది, బిగిస్తే నొప్పి పెరుగుతుంది. దాంతో ఆ చెయ్యి వాడటం మానేస్తారు, వాడకపోతే కీలు పట్టేస్తుంది, కండ తగ్గుతుంది, తర్వాత కొంచెం కదిపినా నొప్పే. బయటికి వెళ్ళరు కాబట్టి బయట ప్రమాదం లేదని తెలుసుకునే అవకాశం కూడా పోతుంది. అందుకే ఒక్క భుజానికి మాత్రమే చికిత్స చేస్తే నా పని సగంలో ఆగిపోతుంది, ఒక్క భయానికి మాత్రమే చేస్తే సైకాలజిస్టు పని సగంలో ఆగిపోతుంది.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "నైట్ బస్సు". ప్రమాదం జరిగినప్పుడు ఆవిడ నిద్రలో ఉన్నారా? మీరు రాయలేదు. ఉంటే గనక, ఆవిడ ఒంటి దృష్టిలో నిద్రపోవడమే ప్రమాదం. కళ్ళు మూసుకున్న సమయంలోనే కదా అది జరిగింది! ఇలాంటివాళ్ళు సరిగ్గా మగత కమ్మే క్షణంలో ఒక్క కుదుపుతో లేస్తారు, తర్వాత మూడింటిదాకా గోడవైపు చూస్తూ ఉంటారు. వాళ్ళకి "మనసు ప్రశాంతంగా పెట్టుకుని పడుకో" అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. నిద్ర తగ్గితే మర్నాడు నొప్పి తట్టుకునే శక్తి తగ్గుతుంది, ఇది ఎవరికైనా అంతే, మీకూ నాకూ కూడా. కాబట్టి మీ అక్కగారి విషయంలో నేనైతే భుజం కంటే ముందు నిద్ర దగ్గర మొదలుపెడతాను.

ఇక జాగ్రత్తలు. వీటిని దాటెయ్యకండి.

భయంకరమైన సంఘటన జరిగిన ప్రతివాళ్ళకీ నొప్పులు రావు. నొప్పులున్న ప్రతివాళ్ళ వెనకా అలాంటి సంఘటన ఉండదు, లేనిదాన్ని తవ్వి తియ్యబోతే హాని చేసినవాళ్ళమవుతాం. అలాగే మీ అక్కగారికి పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఆ సంఘటన కలల్లోనో మెలకువలోనో మళ్ళీ జరుగుతున్నట్టే రావడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకం పోవడం, ఎప్పుడూ అప్రమత్తంగా ఉండటం, ఈ నాలుగూ నెలకి మించి ఉండి రోజువారీ బతుకుని దెబ్బతీస్తుంటే డాక్టరు ఆ పేరు పెడతారు. మీరు రాసిన వాటిలో రెండు మూడు కనపడుతున్నాయి, చూపించాల్సిన అవసరం ఉంది అనేంతవరకే నా మాట.

అంతా భయం వల్లే అని ముందే తేల్చేసుకోవడం కూడా తప్పే. ఈ తప్పు నేను చేశాను. ఒకావిడకి భర్త హఠాత్తుగా పోయిన ఏడాదికి నడుం నొప్పి మొదలైంది. దుఃఖంలో ఉన్నారు, నిద్ర లేదు, ఎక్స్‌రే బాగుంది, నేనూ అదే అనుకున్నాను. ఐదు వారాలు వ్యాయామాలు చేయించాను. రాత్రిపూట నొప్పికి లేస్తున్నానని, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందని, జాకెట్లు వదులయ్యాయని ఆవిడ మూడు వేర్వేరు రోజుల్లో మూడు ముక్కలుగా చెప్పారు, నేను కలిపి వినలేదు. వెన్నెముక టీబీ అది. మందులతో తగ్గింది, నిలబడి నడుస్తున్నారు, కానీ ఆ ఐదు వారాలు నాకు ఇప్పటికీ గుర్తే. కాబట్టి జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రోజురోజుకీ పెరిగే రాత్రి నొప్పి, కాలో చెయ్యో బలం తగ్గడం, మూత్రం మలం మీద పట్టు పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, గతంలో కేన్సర్, వీటిలో ఏది ఉన్నా భయం గురించి ఆలోచించడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. థైరాయిడ్, బీ12, విటమిన్ డీ కూడా ఒకసారి చూపించి, తక్కువుంటే సరిచేయించండి. అంతేగాని "నరాల బలహీనత" అని నెలల తరబడి సూదులు పొడిపించుకుంటూ పోవద్దు.

ఇంకొకటి. పొత్తికడుపు, నడుం నొప్పితో ఒక అమ్మాయి వచ్చేది. స్కాన్లు అన్నీ బాగున్నాయి. గది తలుపు గాలికి కొట్టుకుంటే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకునేది. నొప్పి శనివారం సాయంత్రం నుంచి పెరుగుతుందని చెప్పింది. శనివారం భర్తకి కూలి డబ్బులు వచ్చే రోజు, తాగొచ్చే రోజు. ఆ అమ్మాయి ఒంట్లో కాపలా తప్పుగా మోగడం లేదు, సరిగ్గా మోగుతోంది. అలాంటి చోట ఊపిరి వ్యాయామాలు నేర్పి పంపడం అన్యాయం. ముందు ఆ మనిషికి భద్రత కావాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆ రోజు కాగితం మీద రాయకుండా ఆ అమ్మాయి చేత బట్టీ పట్టించాను, ఇంట్లో కాగితం దొరికితే ఇంకో గొడవ కాబట్టి. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

సరే, మీరు చెయ్యగలిగిన పనులు.

మొదట మాట. "సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దాం" అని మొదలుపెట్టకండి. "అక్కా, నీ నొప్పి నిజమే. ఎముక మానింది గానీ ఒళ్ళు ఇంకా ఆ బస్సులోనే ఉంది. ఒంటికీ నిద్రకీ కలిపి చికిత్స చేసేవాళ్ళు ఉన్నారట, నేను కూడా వస్తాను" అనండి. మీ మాటల్లోనే చెప్పండి, కానీ నొప్పి నిజమే అన్న ముక్క ముందు రావాలి. వచ్చిన ప్రతి చుట్టానికీ ప్రమాదం కథ మొదటినుంచీ చెప్పించడం మాన్పించండి. ఏం అడిగినా "ఇప్పుడు బాగానే ఉంది" అని మీరే అడ్డుపడి మాట మార్చెయ్యండి.

చికిత్స విషయంలో ట్రామా (మనసుకి తగిలిన దెబ్బ) మీద గురిపెట్టి చేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), ఈఎమ్‌డీఆర్ (కళ్ళు అటూఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స) అనే రెండు పద్ధతుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది. ఊరికే కూర్చోబెట్టి "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పే కౌన్సెలింగ్ వేరు, ఇవి వేరు. ఫోన్ చేసినప్పుడే వీటిలో శిక్షణ ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు. అమెరికాలో 60 దాటిన 126 మంది మాజీ సైనికుల మీద చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. లోపల అణిచిపెట్టుకున్న కోపం, దుఃఖం బయటికి తెచ్చే చికిత్స తీసుకున్నవాళ్ళలో 63 శాతం మందికి నొప్పి కనీసం 30 శాతం తగ్గింది, మామూలు సీబీటీలో అంత తగ్గింది 17 శాతం మందికే. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, వాళ్ళలో దాదాపు అందరూ మగవాళ్ళే. అయినా నేను చేత్తో చూసేదానికి అది దగ్గరగా ఉంది. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లోనూ, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్యులు ఉంటారు.

మందులు. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తే మెడికల్ షాపు అబ్బాయి "ఇవి డిప్రెషన్ మాత్రలండీ" అంటాడు, ఆవిడ అవి చెత్తబుట్టలో వేస్తారు. ఇది నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. మెదడు నుంచి వెన్నుపాములోకి నొప్పిని అదుపు చేసే దారి ఒకటుంది, ఈ మందులు ఆ దారి మీద పనిచేస్తాయి, అందుకే డిప్రెషన్ లేనివాళ్ళకి కూడా నొప్పికి ఇస్తారు. అమిట్రిప్టిలిన్ అయితే నొప్పికి ఇచ్చే డోసు చాలా చిన్నది. పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. అల్ప్రాజోలం మాత్రం నిద్ర కోసం సొంతంగా మొదలుపెట్టొద్దు. అలవాటుపడతారు, పైగా పీటీఎస్‌డీకి ఆ రకం మాత్రలు వద్దనే ఇప్పటి మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇప్పటికే నెలల తరబడి వేసుకుంటున్నట్టయితే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగడం కూడా ఆపించండి, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి, పైగా ఈ రకం నొప్పికి అది పెద్దగా పనిచెయ్యదు.

కదలిక నా విషయం కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఇలాంటివాళ్ళు బాగున్న రోజు దుప్పట్లన్నీ ఉతికేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం దిగరు. నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి కదలాలి. రోజూ ఎనిమిది నిమిషాల నడక అనుకుంటే బాగున్న రోజూ ఎనిమిదే, బాగోలేని రోజూ ఎనిమిదే, వారానికి ఒక నిమిషం పెంచాలి. ఇదే వ్యాయామం, ఇంత చిన్నదే, కానీ ఒంటికి "కదిలాను, ఏమీ కాలేదు" అని తెలియడానికి ఇంతకు మించిన దారి నాకు తెలీదు. ఊపిరి వ్యాయామానికి కళ్ళు మూసుకోమని ఎవరైనా చెప్తే, మూసుకోగానే ఆ దృశ్యం వచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళని బలవంతం చెయ్యొద్దు. కళ్ళు తెరిచే, పాదాలు నేలకి ఆనించి, తీసుకునేదానికంటే వదిలేది పొడుగ్గా, రెండు నిమిషాలు చాలు. ఫిజియో దగ్గరికి వెళ్తే బోర్లా పడుకోవడం, వెనక నుంచి చెప్పకుండా ముట్టుకోవడం కష్టంగా ఉంటే ముందే చెప్పమనండి. నేను ఇప్పుడు మంచాన్ని తలుపు కనపడేలా వేశాను, చెయ్యి పెట్టే ముందు చెప్తాను. ఆ చిన్న మార్పుతో మొదటి రోజే మెడ వదిలినవాళ్ళున్నారు.

బస్సు సంగతి: మాయ చేసి ఎక్కించకండి, దయచేసి. థెరపిస్టుతో మాట్లాడుకుని మెట్టుమెట్టుగా వెళ్ళాలి. బస్టాండులో పది నిమిషాలు నిలబడి ఇంటికి రావడం, ఆగి ఉన్న బస్సెక్కి దిగడం, పట్టపగలు ఒక్క స్టాపు. ఒక్కో మెట్టు దగ్గర వారాలు పట్టినా పట్టనివ్వండి.

ఎంత కాలం? నెలలు. నొప్పి కంటే ముందు పనులు తిరిగొస్తాయి. వంట చేస్తారు, గుడికి వెళ్తారు, నొప్పి అంతే ఉందంటారు, కంగారుపడొద్దు, చాలామందిలో వరస అదే. హారన్ అబ్బాయి సైకాలజిస్టు దగ్గరా నా దగ్గరా కలిపి తొమ్మిది నెలలు తిరిగాడు. ఇప్పుడు కూడా చలికాలంలో మెడ పట్టేస్తుంది, లారీల వెంట బండి నడపడు. చివరిసారి వచ్చినప్పుడు హారన్ మోగితే నా వేలి కింద కండ బిగిసింది. "బిగిసింది మేడం" అని అతనే చెప్పాడు. నిమిషంలో వదిలింది. అందరికీ ఇంత బాగుపడలేదు, మధ్యలో మానేసినవాళ్ళూ, నొప్పితోనే సర్దుకుని బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు.

ఒక్కమాట మాత్రం తప్పకుండా అడగండి. ఈ రెండేళ్ళలో "చచ్చిపోతే బాగుండు" అని ఆవిడకి అనిపించిందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడగకపోతే ఉన్నది తెలియదు. ఉందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి.

ప్రమాదం జరిగినప్పుడు నిద్రలో ఉన్నారా, రాత్రి ఎన్నింటికి లేస్తున్నారు, ఏ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి, ఏయే మాత్రలు వేసుకుంటున్నారు, ఈ నాలుగూ రాసి పెట్టండి. నిద్ర విషయంలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.